మూడో కాలానికి ముందు

మా మావయ్యగారి కంప్యూటర్ ఏప్రిల్ ఎండల్లో, డాన్సు క్లాసు మధ్యలో, పిల్లలంతా అరమండిలో ఉండగా చచ్చిపోయింది.

అరమండి అంటే మోకాళ్ళు రెండు పక్కలకీ వంచి, కూర్చోబోయి ఆగినట్టు నిలబడటం. చూసేవాళ్ళకి ముచ్చటగానే ఉంటుంది, నిలబడేవాళ్ళకే తొడలు పట్టేస్తాయి. మా అత్తగారు ఛాయాదేవి క్లాసులో నియమం ఒక్కటే, తాళం పూర్తయ్యేదాకా లేవకూడదు. ఆ రోజు తాళం పూర్తి కాలేదు, మధ్యలో మాయమైపోయింది. పాత టీవీ తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి అడ్డంగా సాగి ఆరిపోయింది. లేవచ్చో లేదో తెలియక పిల్లలు చెమటలు కార్చుకుంటూ అలాగే ఉండిపోయారు.

“కరెంటు పోయిందా టీచర్?” అంది మహెక్, లేవకుండానే.

పైన ఫ్యాను శుభ్రంగా తిరుగుతోంది. లోపలి గదిలో ఆఫీసు మీటింగులో ఉన్న నేను కూడా ఆ నిశ్శబ్దానికే లేచి వచ్చాను. రోజూ సాయంత్రం గోడ అవతల నుంచి వినిపించే ఆ టక్ టక్ మీద నాకు ఎంత విసుగో చెప్పలేను. అది ఆగిపోయేసరికి మాత్రం ఇంట్లో ఎవరికో ఏదో అయిందని కంగారు పుట్టింది. మా అత్తగారు కంప్యూటర్ మీద చెయ్యి వేసి చూస్తున్నారు.

“కాలుతోంది సింధూ,” అన్నారు నన్ను చూసి. తర్వాత పిల్లల వైపు తిరిగి, “లేవండర్రా,” అన్నారు.

మా మావయ్య వెంకటప్పయ్యగారు లెక్కల మాస్టారు. ఆయనకి పాట రాదు, అడుగు రాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఈవిడ కర్రతో పీట మీద తాళం కొట్టి కొట్టి, రాత్రి అన్నం కలుపుకోలేక చెయ్యి పట్టుకు కూర్చోవడం చూసి ఊరుకోలేకపోయారట. హైదరాబాదులో ఏదో చిన్న కంపెనీ కొన్నాళ్ళు తయారుచేసి మూతపడ్డ ఇంటి కంప్యూటర్ ఒకటి సంపాదించారు. లావుపాటి కీబోర్డే మొత్తం కంప్యూటర్, దానికి తెర మన టీవీ, ప్రోగ్రామ్ ఉండేది పాటల క్యాసెట్ లాంటి క్యాసెట్లో. ఆయన కూర్చుని దానికి తాళం కొట్టడం నేర్పించారు. మొదటి కాలం నిదానంగా, రెండో కాలం దానికి రెట్టింపు వేగం, మూడో కాలం ఇంకా రెట్టింపు. వేగాన్నే వీళ్ళు కాలం అంటారు. అప్పట్నుంచీ మా అత్తగారి చేతులు ఖాళీ. కర్ర బదులు పిల్లల మోకాళ్ళు సర్దడానికి, నడుములు నిలబెట్టడానికి పనికొచ్చాయి.

మావయ్యగారు పోయి రెండేళ్ళయింది. ఆయన గురించి ఆవిడ ఎక్కువగా మాట్లాడరు. కానీ రోజూ సాయంత్రం మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, క్యాసెట్ పెట్టి మీట నొక్కేవారు. ఆ టక్ టక్ వినపడినంతసేపూ ఆయన ముందుగదిలో ఉన్నట్టే ఆవిడకి. ఈ మాట ఆవిడ ఎన్నడూ అనలేదు, నేనే అంటున్నాను.

మహెక్ వాళ్ళ నాన్న షబ్బీర్ మా విజయవాడ వన్ టౌన్‌లోనే టీవీలు బాగుచేస్తాడు. ఇదివరకు రెండు మూడుసార్లు ఈ కంప్యూటర్‌కి ప్రాణం పోసినవాడూ అతనే. స్క్రూలు విప్పి, లోపల నల్లబడిన చోట వేలు పెట్టి చూపించి, తల అడ్డంగా ఊపాడు.

“ఈ చిప్పు ఇప్పుడు ఎక్కడా దొరకదు మేడమ్. పోయినసారే చెన్నైలో అడిగించా, ముంబైలో అడిగించా. పాతసామాన్లలో కూడా లేదు.”

“ఇంకో దారేం లేదా షబ్బీర్?” అన్నారు అత్తగారు.

“పెట్టె పోయింది గానీ క్యాసెట్టు బాగానే ఉంది కదండీ. అమ్మగారు కంప్యూటర్ వాళ్ళే కదా,” అని నాకేసి చూశాడు.

ఆఫీసు పనితోనే తల ప్రాణం తోకకొస్తోంది, ఇదొకటా అనుకున్నాను.

మా అత్తగారు మళ్ళీ కర్ర తీశారు. వారం తిరక్కుండానే కుడి మణికట్టు పూరీలా పొంగింది. డాక్టరు నరం నలిగిందన్నాడు, పట్టీ వేశాడు, ఈ చేత్తో గరిటె కూడా తిప్పకూడదన్నాడు. మా ఆయన కిరీటి ఇబ్రహీంపట్నం థర్మల్ పవర్ స్టేషన్‌లో ఇంజనీరు. షిఫ్టు దిగి వచ్చి ఆ పట్టీ చూడగానే తీర్పు చెప్పేశాడు.

“ఇంక చాల్లేమ్మా. ఎన్నాళ్ళని కొడతావు? ముందుగదిలో సోఫా వేయించుకుందాం, ఏసీ పెట్టుకుందాం. హాయిగా కూర్చో.”

ప్రేమతోనే అన్నాడు. ప్రేమతో అన్నమాటకి ఎదురు చెప్పడం కష్టం. ఆవిడ కాసేపు పట్టీ కేసి చూసుకుని, “సరేలేరా,” అన్నారు. “జూన్‌లో ఈ ముగ్గురి గజ్జె పూజ చేసేసి మానేస్తాను.”

గజ్జె పూజ అంటే నేర్చుకునే పిల్లలు మొదటిసారి గజ్జెలు కట్టుకుని గురువు ముందు ఆడటం. ఆ ఏడు ఆ వరస మహెక్‌ది, ఏంజెల్‌ది, సుస్మితది. ఆవిడ ‘సరేలేరా’ అన్న తీరు నాకు నచ్చలేదు. ఈవిడ దేనికీ అంత తేలిగ్గా సరేననే మనిషి కాదు. నేను చేసిన పులిహోరకి కూడా ‘సరే’ అని ఎరగరు. ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది. ఈ క్లాసు ఆగిపోతే ముందుగదిలో సోఫా ఉంటుంది గానీ, దాని మీద కూర్చోవడానికి మా అత్తగారు ఉండరు. మనిషి ఉంటుంది, ఆవిడ ఉండరు.

మర్నాడు పొద్దున్నే షబ్బీర్ కొట్టు నుంచి టేప్‌రికార్డర్ అరువు తెచ్చుకుని, క్యాసెట్‌లోని కీచు శబ్దమంతా నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను.

ఆ కంపెనీ కంప్యూటర్ మీద ప్రేమ చావని మనిషి ఒకాయన ఎక్కడో ఉండి, దానికి ఎమ్యులేటర్ రాసి ఇంటర్నెట్‌లో పెట్టి వదిలేశాడు. ఎమ్యులేటర్ అంటే ఒక మెషీను ఇంకో మెషీను వేషం కట్టడం. మన కూచిపూడి మగవాళ్ళు ఆడవేషం కట్టి నడిస్తే ఊరి ఆడవాళ్ళే కళ్ళార్పకుండా చూసేవారట, అలాగ. పాత ప్రోగ్రామ్ తాను పాత మెషీన్లోనే ఉన్నాననుకుని తన పని తాను చేసుకుపోతుంది. అదృష్టం బాగుండి నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది అందరిలా విండోస్ కాదు, లినక్స్. ఆయన రాసిందీ దానికే. రెండు రోజులు తంటాలు పడ్డాక తెర మీద ఆ పచ్చ అక్షరాలు వచ్చాయి, ఆ వెనకే టక్ టక్ మొదలైంది.

మా అత్తగారు వంటింట్లోంచి తడిచేత్తో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మొదటి కాలం అయింది, రెండోది అయింది, మూడోది అయింది. అయ్యాక పైటచెంగుతో చెయ్యి తుడుచుకుంటూ, “ఆయనదే,” అని లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి నాకు కాఫీ వచ్చింది. అడగకుండా కాఫీ రావడం ఆ ఇంట్లో అదే మొదలు.

అంతటితో అయిపోతే బాగానే ఉండేది. కానీ మే నెల వచ్చేసింది. వేసవి సెలవుల్లో పిల్లలు ఊళ్ళో ఉండరు కదా, అమ్మమ్మల ఇళ్ళకి ఎగిరిపోతారు. ఏంజెల్ పామర్రు వెళ్ళింది, సుస్మిత అవనిగడ్డ, మహెక్ బందరులో వాళ్ళ నాన్నమ్మ మెహబూబ్ బీ దగ్గరికి. ప్రతి వేసవిలోనూ మా అత్తగారు పళ్ళు నూరుకునేది ఇందుకే. మామిడిపళ్ళు తిని, కాలవల్లో ఈతలు కొట్టి, జూన్‌లో వచ్చేసరికి వాళ్ళ కాళ్ళకి ఏమీ గుర్తుండదు. ఈసారి జూన్‌లోనే గజ్జె పూజ.

“వాళ్ళు ఎక్కడుంటే అక్కడికే తాళం పంపిద్దామండీ,” అన్నాను.

“ఎలా పంపుతావు? పోస్టులోనా?” అన్నారు.

పోస్టే నయం. ఏంజెల్ వాళ్ళ మావయ్య యేసుబాబు పామర్రులో నెట్ సెంటర్ నడుపుతాడు, అక్కడ ఉన్నది విండోస్. సుస్మిత వాళ్ళ బాబాయిది ఆపిల్ కంపెనీ మాక్. మహెక్‌కి నాన్నమ్మ ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కటే దిక్కు. ఒక వేషం మూడు ఇళ్ళలో మూడు రకాలుగా కట్టించాలి. ఎవరి ఆచారాలు వాళ్ళవి. విండోస్‌కి సరిపోయింది మాక్‌కి పనికిరాదు, మాక్‌కి కుట్టింది ఫోన్‌కి పట్టదు. రోజూ ఆఫీసు మొదలయ్యేలోపు, మళ్ళీ మధ్యాహ్నం అన్నం తిన్నాక, అదే పని. మాక్ అచ్చంగా మడి కట్టుకున్న ముసలమ్మ. ‘ఇది రాసినవాళ్ళెవరో నాకు తెలియదు’ అని గుమ్మంలోనే ఆపేసింది. సుస్మిత బాబాయిని ఫోన్లో బతిమాలుకుని, ఆ మీట కాదు ఈ మీట అని చెప్పించి లోపలికి పంపేసరికి నా గొంతు పోయింది.

పామర్రులో అయితే అసలు తెరుచుకోనే లేదు. యేసుబాబు ఫోన్ చేశాడు.

“మేడమ్ గారూ, నొక్కుతున్నానండీ, వచ్చినట్టే వచ్చి పోతోందండీ.”

“ఏ ఫోల్డర్లో పెట్టారు?”

“ఏంజెల్ డాన్సు అని పెట్టానండీ. తెలుగులోనే.”

తెలుగు పేరున్న ఫోల్డర్ కనపడగానే నా ప్రోగ్రామ్ బిక్కచచ్చిపోతోంది. సంగతి చెబితే యేసుబాబు నవ్వాడు.

“మా పామర్రు కంప్యూటర్‌కి తెలుగు వచ్చండీ. విజయవాడ నుంచి వచ్చిన మీ ప్రోగ్రామ్‌కే రాలేదు.”

దానికీ తెలుగు నేర్పాను. ఇక మిగిలింది ఫోను. అక్కడ తాళం బాగానే మోగింది గానీ, ఓ పూట సాధన చేసేసరికి ఫోన్ పెనంలా కాలిపోతోందని, చార్జింగు నిలవడం లేదని మెహబూబ్ బీ గొడవ. “బిడ్డ డాన్సు సరే తల్లీ, నా ఫోను పేలిపోద్దేమో,” అంది నాతోనే. బందరు ఎండలో అసలే అన్నీ కాలుతున్నాయి, ఆ భయంలో తప్పులేదు.

అప్పుడు నాకో తెలివైన ఆలోచన వచ్చింది. మూడో కాలం మొదలయ్యేముందు ఆ వేగానికి లెక్క కట్టుకోవడానికి ఆ పాత మెషీను కాస్త ఆగేది. కాస్తంటే ఓ గుటక వేసేంత. ఆ కాస్సేపూ చప్పుడు ఏమీ ఉండదు, లోపల మాత్రం అది ఆపసోపాలు పడుతూ ఉంటుంది. ఇప్పటి ఫోన్లకి ఆ లెక్క ఓ లెక్కా? చప్పుడు లేని చోటల్లా పనిని చిటికెలో ముగించేసి ఫోన్‌ని పడుకోబెట్టేలా మార్చాను. వేడి తగ్గింది, చార్జింగు నిలిచింది. పైగా పాత మెషీనుకున్న ఆ నత్తి కూడా వదిలింది, తాళం ఎక్కడా తడబడకుండా జలజలా సాగింది. మురిసిపోయి, అదే మార్పు విండోస్‌కీ మాక్‌కీ కూడా చేసి ముగ్గురికీ పంపించాను. ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎలాగూ నడుస్తోంది కదా అని దాన్ని ముట్టుకోలేదు.

వారం తర్వాత వీడియో కాల్ పెట్టాం. స్టీలు గ్లాసుకి నా ఫోన్ ఆనించి అత్తగారు కుర్చీలో కూర్చున్నారు. తెర మీద మూడు గళ్ళలో ముగ్గురు పిల్లలు. తాళం ఎవరి దగ్గర వాళ్ళకే మోగుతోంది, మాకు ముక్కలు ముక్కలుగా వినపడుతోంది. ఏంజెల్ వెనకాల జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చినవాళ్ళు కూడా నిలబడి చూస్తున్నారు.

“ఒక్కొక్కళ్ళూ చెయ్యండి. ముందు ఏంజెల్.”

తా తై తై త. మొదటి కాలం ముత్యాల్లా వచ్చింది. రెండో కాలం కూడా సరే. మూడో కాలం మొదలవగానే పిల్ల కుడికాలు ఎడమకాలికి అడ్డం వచ్చి తూలింది. “సారీ టీచర్,” అని మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే తూలింది. సుస్మిత వచ్చింది, అక్కడే తప్పింది. మహెక్ మా అత్తగారి బంగారుకొండ, ఎన్నడూ అడుగు తప్పని పిల్ల. అదీ అక్కడే ఆగిపోయి, మొహం చేతుల్లో దాచుకుంది.

మా అత్తగారు ఒక్కమాట కూడా కోప్పడలేదు. “చాల్లేమ్మా, రేపు చూద్దాం,” అన్నారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. సుస్మిత వాళ్ళమ్మ ఫోన్ చేసి, “పిల్లకి దిష్టేమైనా తగిలిందంటారా అండీ?” అని అడిగింది.

నాకు అనుమానం ముందు నా పని మీదే వచ్చింది. మూడు చోట్ల శబ్దాన్నీ రికార్డు చేయించి తెప్పించుకున్నాను. ప్రతి దెబ్బా కొలిచాను. ఒక్కో కాలంలోనూ దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం మావయ్యగారు రాసినట్టే ఉంది, వెంట్రుకవాసి తేడా లేదు.

“నా వైపు తప్పేమీ లేదండీ,” అన్నాను అత్తగారితో, ధీమాగా.

ఆవిడ తలూపారు. “తెలుసు. ఒక్కరు తప్పితే పిల్ల తప్పు. ముగ్గురూ ఒక్కచోటే తప్పారంటే నేర్పినదాని తప్పు సింధూ. నా చెయ్యి ఎటూ పోయింది, ఇప్పుడు కన్ను కూడా పోయిందన్నమాట. మూడో కాలం నేను సరిగ్గా కట్టించలేదు.”

“అదేం మాటండీ, ఇన్నేళ్ళుగా నేర్పుతున్నారు…”

“ఇన్నేళ్ళూ ఆయన పక్కనుండి కొట్టారు కాబట్టి నడిచింది. గజ్జె పూజ వద్దులే. వాళ్ళమ్మలకి నేనే చెబుతాను. మొగల్రాజపురంలో ఒకావిడ బాగా చెబుతుందిట, అక్కడ చేర్పించుకోమంటాను.”

ఆ సాయంత్రం ఆవిడ దీపం పెట్టి, గజ్జె పూజల్లో తను వాయించే ఇత్తడి తాళాల జోడు పట్టుగుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టేశారు. నా ప్రోగ్రామ్‌లో తప్పు లేదని ఎంత గట్టిగా తేలితే ఆవిడ అంత ఓడిపోతున్నారు. అంత దిక్కుమాలిన గెలుపు నేను ఎన్నడూ ఎరగను. నాకు ఏడుపొచ్చింది. కిరీటి సోఫాల ఫొటోలు చూపించబోతే ఫోన్ లాక్కుని బల్ల మీద పడేశాను.

“వాళ్ళమ్మలకి అప్పుడే చెప్పకండి అత్తయ్యగారూ. సోమవారం మహెక్ వచ్చేస్తోంది. ఒక్కసారి ఎదురుగా చూసి అప్పుడు చెప్పండి,” అని బతిమాలాను. సోమవారం దాకా ఆవిడ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

సోమవారం షబ్బీర్ బందరు లడ్డూల డబ్బాతో, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఎండకి నల్లబడి, కాస్త ఒళ్ళు చేసి ఉంది మహెక్. వస్తూనే టీచర్ పట్టీ కట్టిన చెయ్యి చూసి దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఏడవకు. ఒకసారి చేసి చూపించు,” అన్నారు మా అత్తగారు.

నేను ల్యాప్‌టాప్ తెరిచాను. తా తై తై త. మొదటి కాలం, రెండో కాలం. మూడో కాలం వచ్చింది, మహెక్ పాదాలు నేల మీద వాన చినుకుల్లా పడ్డాయి. ఎక్కడా తప్పు లేదు. పూర్తయ్యాక అరమండిలోనే ఉండి, తనే నమ్మలేనట్టు పాదాలు చూసుకుంది.

“ఇక్కడ వస్తోంది కదే! మరి అక్కడ ఏమైంది?” అన్నారు మా అత్తగారు కుర్చీలోంచి లేచిపోయి.

“ఫోన్‌తో చెయ్యి తల్లీ,” అన్నాన్నేను.

షబ్బీర్ బందరు నుంచి తెచ్చిన మెహబూబ్ బీ ఫోన్ జేబులోంచి తీసి పెట్టాడు. ఈసారి నేను పాదాలు చూడలేదు, మనిషిని చూశాను. రెండో కాలం ముగిసింది. మహెక్ భుజాలు పైకి లేచాయి, నోరు కొద్దిగా తెరుచుకుంది, మడమలు సర్దుకోబోయాయి. ఈలోగా మూడో కాలం మొదలైపోయింది. పిల్ల దాని వెనకాల పరిగెత్తి తూలి, ఆగిపోయింది.

“అక్కడ ఊపిరి తీసుకోవాలి కదా ఆంటీ,” అంది వగరుస్తూ. “ఫోన్‌ది తీసుకోనివ్వట్లేదు.”

“అక్కడ ఊపిరి తీసుకోమని టీచర్ చెప్పారా?”

“చెప్పలేదు. అక్కడ ఉంటుంది కదా.”

దెబ్బలన్నీ కొలిచాను, దెబ్బలు లేని చోటు కొలవాలని తోచలేదు నాకు. పాత మెషీను లెక్క కట్టుకోలేక ఆగిన ఆ గుటకలో, ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో నేర్చుకున్న ప్రతి పిల్లా ఊపిరి పీల్చుకుని, మడమలు సర్దుకుని, మూడో కాలంలోకి దూకింది. ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంది. నేను దాన్ని నత్తి అనుకుని తీసేశాను.

“అత్తయ్యగారూ, తప్పు మీది కాదండీ. నాదే,” అన్నాను. ఎంత సంతోషంగా అన్నానంటే షబ్బీర్ వింతగా చూశాడు. తప్పు నాదని చెప్పి అంత తేలికపడటం నా జీవితంలో మరోసారి జరగదేమో.

నేను విడమర్చి చెబుతుంటే మా అత్తగారు మెల్లగా కుర్చీలో కూర్చున్నారు. అంతా విని నవ్వారు.

“ఆ ఆగడం అంటే ఆయనకి ఎంత సిగ్గో! ఎవరైనా చూడ్డానికొస్తే ముందే చెప్పుకునేవారు, మెషీను కాస్త నిదానమండీ, ఏమీ అనుకోకండి అని. దాన్ని పోగొట్టాలని తెగ కుస్తీ పట్టారు, కుదర్లేదు. నేనేమో…” అని ఆగారు. “మొదట్లో పిల్లలు రొప్పుతారని కావాలనే పెట్టారనుకున్నానే నేను. ఆయనతో ఆ మాట అననే లేదు.”

మహెక్‌కి ఏం అర్థమైందో గానీ వెళ్ళి ఆవిడ మోకాళ్ళ దగ్గర కూర్చుంది. షబ్బీర్ లడ్డూల డబ్బా మూత తీశాడు.

ఆ మధ్యాహ్నమే మూడింటికీ ఆ ఆగడాన్ని తిరిగి తెచ్చేశాను. తీసేయడానికి పడిన కష్టంలో సగం కూడా పట్టలేదు. ఫోన్ వేడెక్కితే వేడెక్కనీ అన్నాడు షబ్బీర్, దాని వెనక చిన్న ఫ్యాను బిగించి ఇచ్చాడు. మర్నాడు వీడియో కాల్‌లో ఏంజెల్ మూడో కాలం పూర్తి చేసి, “టీచర్, వచ్చేసింది!” అని కేక పెట్టింది. దాని వెనకాల జిరాక్స్ జనం చప్పట్లు కొట్టారు. అవనిగడ్డలో సుస్మిత ఆపమన్నా ఆపకుండా మళ్ళీ మళ్ళీ చేసింది. ఫోన్ పెట్టేశాక నేను వంటింట్లోకి వెళ్ళి గట్టు మీద కూర్చుండిపోయాను. నెలరోజులుగా గుండె మీద ఉన్న బరువేదో దిగిపోయింది. చెంబెడు మంచినీళ్ళు ఎత్తిన చెంబు దించకుండా తాగాను.

జూన్‌లో, బడులు తెరిచేముందు ఆదివారం నాడు గజ్జె పూజ. ముందుగది కడిగి ముగ్గులు పెట్టాం. మృదంగానికి బాలశౌరిగారు వచ్చారు. మా అత్తగారి శిష్యులకి పాతికేళ్ళుగా వాయిస్తున్నది ఆయనే. యేసుబాబు పామర్రు నుంచి వచ్చి, చెల్లెలి కుటుంబంతో సహా దిగాడు. సుస్మిత అమ్మా బాబాయీ, షబ్బీర్, మెహబూబ్ బీ, చోటు చాలక గుమ్మంలో నిలబడ్డ కిరీటి. నేను ల్యాప్‌టాప్ తెచ్చి స్టూలు మీద పెట్టాను.

“అది తీసెయ్,” అన్నారు మా అత్తగారు.

“అదేంటండీ?”

“సాధనకి సరే. గజ్జె కట్టిన రోజు మనిషి చెయ్యి కొట్టాలి.” గూట్లోంచి పట్టుగుడ్డ తీసి విప్పి, తాళాల జోడు నా ఒళ్ళో పెట్టారు. “కూర్చో.”

“నాకు రాదండీ! నేనెప్పుడైనా…”

“రెండు నెలలుగా పొద్దున్నా మధ్యాహ్నమూ వింటున్నది నువ్వే కదా. నీకు రాక ఇంకెవరికి వస్తుంది?”

వాదించే చోటు కాదు అది. బాలశౌరిగారు పక్కకి జరిగి చాప మీద చోటిచ్చారు. పిల్లలు గజ్జెలకి దణ్ణం పెట్టుకుని, కట్టించుకుని, అరమండిలో నిలబడ్డారు. మా అత్తగారు బాగున్న ఎడమచెయ్యి నా భుజం మీద వేశారు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. మొదటి కాలం గడిచింది. రెండో కాలంలో కంగారుపడి కాస్త ముందుకి ఉరికాను, మృదంగం నన్ను చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చింది. రెండో కాలం అయిపోయింది.

నా చేతులు ఆగాయి. నేను ఆపలేదు, అవే ఆగాయి. మృదంగం కూడా ఆగింది. బాలశౌరిగారికి ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. ఆ ఆగినంతసేపట్లో మూడు జతల గజ్జెలు సన్నగా కదిలాయి, ముగ్గురు పిల్లలు ఊపిరి తీసుకోవడం ఆ గదిలో అందరికీ వినపడింది. నా భుజం మీద ఉన్న చెయ్యి కూడా ఒకసారి పైకి లేచి దిగింది. తర్వాత మూడో కాలం.

హారతి అయ్యాక తల్లులందరూ మా అత్తగారి చుట్టూ చేరారు. “వచ్చే సోమవారం నుంచి కొత్త పిల్లల్ని తీసుకుంటున్నా, మీకు తెలిసినవాళ్ళుంటే పంపండి,” అని చెబుతున్నారావిడ. కిరీటి నా దగ్గరకొచ్చి, “సోఫా వద్దంటావా అయితే?” అన్నాడు. వద్దన్నాను.

అందరూ వెళ్ళాక నేను తాళాలు గుడ్డలో చుట్టబోతుంటే ఆవిడ ఆపారు.

“చుట్టకు, రేపు కావాలి. పిల్లలతో పాటు నువ్వూ వచ్చి కూర్చో. రెండో కాలంలో తొందరపడ్డావు, అది సరిచెయ్యాలి.”

“అలాగేనండీ,” అన్నాను.

ఆవిడ లోపలికి వెళుతూ గుమ్మం దగ్గర ఆగారు. వెనక్కి తిరగలేదు.

“మూడో కాలానికి ముందు మాత్రం,” అన్నారు, “ఆయన ఆగినంతే ఆగావు.”